మీ ప్రశ్న – మా జవాబు: బంగారం లేని నగకు పురస్కారమా?

ప్రశ్న: మా నాన్నగారు ముప్పయ్యేళ్ళుగా స్వర్ణకారులు. నేను డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ మీద నగల డిజైన్ నేర్చుకుంటున్నాను. అంతర్జాతీయ పురస్కారాలు అందుకునే ఆధునిక ఆభరణ కళాకారుల దారిలో వెళ్ళాలని ఉంది. 'బంగారం లేని నగను ఎవరు కొంటారమ్మా?' అంటున్నారు నాన్నగారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ నాన్నగారి ప్రశ్నను తోసిపుచ్చకండి, ఎందుకంటే ఆ ప్రశ్ననే ముడిసరుకుగా చేసుకుని పేరు తెచ్చుకున్నవారున్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆభరణ కళాకారుడు ఓటో క్యూంజ్లీ 1980లో ఒక బంగారు గుండును నల్లని రబ్బరు గొట్టంలో దాచి, ఆ గొట్టాన్ని కడియంగా మలిచి, 'బంగారం కళ్ళు కప్పేస్తుంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పైకి కనిపించేది రబ్బరు మీద చిన్న ఉబ్బు మాత్రమే. లోపల ఉన్నది బంగారమేనని తొడుక్కున్నవారు నమ్మవలసిందే. నగను సవర్ల లెక్కన చూడటానికి అలవాటు పడిన మనకు ఇది కొంత చిరాకు కలిగించవచ్చు. కలిగించాలనే ఆయన చేశారు.

అయితే ఇటువంటి పనితోనే ఇల్లు గడుస్తుందని మీకు హామీ ఇవ్వలేను. క్యూంజ్లీ కూడా 1991 నుంచి 2014 వరకు జర్మనీలోని మ్యూనిక్ లలిత కళల అకాడమీలో ఆచార్యులుగా పనిచేశారు. బోధన గానీ, దుకాణాలకు డిజైన్లు గీసి ఇవ్వడం గానీ పక్కన ఉండాలి. మీ నాన్నగారికి ఈ మాట ముందే చెబితే సగం వాదన తగ్గుతుంది.

కంప్యూటర్ నేర్చుకోవడం మంచిదే, కానీ తెర మీద తీగ ఎటు వంచితే అటు వంగుతుంది. నాన్నగారి పక్కన కూర్చుని వెండి తీగను కమ్మచ్చులో, అంటే తీగను సన్నగా సాగదీసే రంధ్రాల పలకలో, ఒక రంధ్రం తర్వాత అంతకన్నా చిన్న రంధ్రం గుండా లాగి చూడండి. లాగే కొద్దీ బిరుసెక్కిన తీగను మధ్యమధ్య కాచి మెత్తబరచకపోతే పుటుక్కున తెగుతుంది. ఆ తెగేచోటు ఎక్కడో చేతికి తెలిసిన తర్వాత గీసే గీత వేరుగా ఉంటుంది. మీ ఊళ్ళోనే దేవస్థానం వారి సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. అక్కడి లోహశిల్పం నగల చదువు కాకపోయినా, పోతపని మీద పట్టు కావాలనుకుంటే వెళ్ళి విచారించండి.

ఇక పురస్కారాల సంగతి. మ్యూనిక్‌లో 1959 నుంచి 'ష్ముక్' అనే ఆభరణ ప్రదర్శన జరుగుతోంది. అందులో 1973 నుంచి హెర్బర్ట్ హాఫ్‌మన్ బహుమతి ఇస్తున్నారు. మన దేశంలో రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి కూడా డిజైన్ పోటీ నిర్వహిస్తుంది. ఎక్కడికి పంపినా, విడివిడిగా పది అందమైన నగలకన్నా ఒకే ఆలోచన వెంట నడిచిన ఐదు నగలు మిమ్మల్ని బాగా పరిచయం చేస్తాయని నా అభిప్రాయం. ఆలోచన కోసం దూరం పోనక్కరలేదు. నిలువుదోపిడీ మొక్కుకున్నవారు ఒంటి మీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసే ఊరు మీది. ఏళ్ళ తరబడి ఉన్న గాజు తీసేసిన చేతి మీద మిగిలే నొక్కును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాన్ని వెండిలో పట్టుకోగలరేమో ప్రయత్నించండి. ఇది ఉచిత సలహా; నచ్చకపోతే వదిలేయండి.

ప్రశ్న: నేను గీసిన నగను మరొకరు చేసి అమ్ముకుంటే ఆపగలనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే ఆపవచ్చు. హక్కు 10 ఏళ్ళు ఉంటుంది, మరో 5 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. కానీ డిజైన్ అప్పటికి కొత్తదై ఉండాలి, అంతకుముందు బయటపడి ఉండకూడదు. చాలామంది నగ ఫొటోను ముందు ఫోన్‌లో పదిమందికీ పంపి, తర్వాత దరఖాస్తు గురించి ఆలోచిస్తారు. మీరు ఆ వరుసను తిరగేయండి.