ఇంటర్ తర్వాత ఏడాది జర్మనీలో: మా అమ్మాయి ఇమడగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. వయసు 18. నీట్‌లో ఆశించిన ర్యాంకు రాలేదు, లాంగ్‌టర్మ్‌కు వెళ్లనంటోంది. తిరుపతిలో జర్మన్ ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు, నేర్చుకుంది. జర్మనీలో ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకునే 'ఓపేర్' పద్ధతిలో ఏడాది గడిపి, తిరిగి వచ్చాక డిగ్రీలో చేరతానంటోంది. ఇంతవరకు ఇల్లు విడిచి ఒంటరిగా ఎక్కడా ఉండలేదు. అక్కడ ఇమడగలదా? ఏడాది వృథా కాదా?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: మీ రెండో ప్రశ్న తేలికైనది కనుక ముందు దానికి జవాబు చెబుతాను. నీట్‌కు ప్రస్తుతం గరిష్ఠ వయోపరిమితి గానీ, ఇన్నిసార్లే రాయాలన్న నిబంధన గానీ లేదు. డిగ్రీ ప్రవేశాలు ఏటా ఆన్‌లైన్‌లో జరుగుతూనే ఉంటాయి. ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం ఆ ఏటి ప్రవేశాలకే పనికొస్తుంది కనుక అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సుల ఆలోచన ఉంటే వచ్చాక మళ్లీ రాయవలసి ఉంటుంది. కొన్ని కళాశాలలు చదువు ఆగిన కాలానికి నోటరీ అఫిడవిట్ అడుగుతాయి. అది పెద్ద అడ్డంకి కాదు. లాంగ్‌టర్మ్ పేరుతో రెండేళ్లు హాస్టల్ గదిలో గడిపిన పిల్లల కాలాన్ని వృథా అనని మనం, ఈ ఒక్క ఏడాదిని అలా అనడం న్యాయంగా తోచదు.

ఇక ఇమడడం గురించి. ఓపేర్‌కు వారానికి గరిష్ఠంగా 30 గంటల పని, నెలకు కనీసం 280 యూరోల చేతిఖర్చు, భోజనం, సొంత గది, ఆరోగ్య బీమా, జర్మన్ తరగతులకు కొంత సాయం ఉంటాయి. ఇది జీతం కాదు. ఇంటికి పంపడానికి గానీ, విమాన ఖర్చు రాబట్టుకోవడానికి గానీ సరిపోదు. బంధువుల పరిచయంతో అక్కడి తెలుగు కుటుంబంలో చేర్చవచ్చని మీరు ఆలోచిస్తుంటే దాన్ని వదులుకోండి. ఆతిథ్యమిచ్చే దంపతులది, ఓపేర్‌ది ఒకే దేశం కావడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. అంటే మొదటి రోజు నుంచే ఆమె పరాయి భాష మాట్లాడే ఇంట్లో ఉంటుంది.

తిండి గురించి తల్లిదండ్రులు ఎక్కువగా దిగులుపడతారు. రాత్రిపూట వేడి అన్నానికి బదులు రొట్టె, చీజ్ తినే ఇల్లు దొరకవచ్చు. సంగటి, పచ్చిపులుసు తిన్న నోటికి అది కొన్నాళ్లు చప్పగానే ఉంటుంది గానీ, ఆ కారణంగా ఏడాది మధ్యలో తిరిగి వచ్చేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు చిక్కు మనం పిల్లలకు మర్యాదగా నేర్పిన ఒక అలవాటులో ఉంది. పెద్దవాళ్లు ఏదైనా చెబితే, అర్థమైనా కాకపోయినా 'సరే' అని తలూపి, తర్వాత పక్కవాళ్లను అడిగి తెలుసుకోవడం మన ఇళ్లలో చెల్లిపోతుంది. అక్కడ పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. పైగా ఆ ఇంటి తల్లి చెప్పేది బిడ్డకు ఏ పదార్థం పడదు, బడి నుంచి ఎన్నింటికి తీసుకురావాలి అన్న విషయం కావచ్చు. అర్థం కానప్పుడు వెంటనే 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనడం, 30 గంటలు దాటి పని చెప్పినప్పుడు 'ఈ వారం నా గంటలు అయిపోయాయి' అని ముఖం చిన్నబుచ్చుకోకుండా చెప్పగలగడం, ఈ రెండూ ఆమెకు వచ్చా అన్నది మీరు పరిశీలించవలసిన విషయం. జర్మన్లు మాటను సూటిగా చెబుతారు, ఎదుటివారి నుంచి కూడా సూటిదనాన్నే ఆశిస్తారు. దాన్ని కోపమనుకున్న పిల్లలు మొదటి నెలల్లో అనవసరంగా కుమిలిపోతారు.

ఏ1 వీసాకు సరిపోతుంది గానీ, ఆ ఇంట్లో మసలడానికి చాలదు. అందుకే వెంటనే పంపకండి. చెన్నైలోని గోథే ఇన్‌స్టిట్యూట్‌లో ఏ2, వీలైతే బీ1 వరకు చదివించి, ఆ కాలమంతా హాస్టల్‌లో ఉండనివ్వండి. వారం వారం మీరు వెళ్లి సామాను ఇచ్చి రావడం కాకుండా, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ టికెట్ మొదలు జ్వరం వస్తే డాక్టరు దాకా ఆమే చూసుకోవాలి. అది సాఫీగా గడిస్తే మీ భయం చాలావరకు తగ్గుతుంది. గడవకపోతే, ఆ సంగతి జర్మనీలో కన్నా చెన్నైలో తెలియడం మేలు.

పరాయి దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆ తర్వాత కుదురుబాటు వస్తాయన్న మాట మీరు వినే ఉంటారు. నార్వేకు చెందిన సామాజిక శాస్త్రవేత్త లిస్‌గార్డ్ 1955లో, ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంపై అమెరికా వెళ్లిన తమ దేశస్థులపై అధ్యయనం ప్రచురించారు. ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవారి కన్నా, అంతకు తక్కువ కాలం, ఎక్కువ కాలం ఉన్నవారే బాగా ఇమిడినట్లు అందులో తేలింది. ఏడాదికి వెళ్లేవారు ఆ కష్టకాలంలోనే తిరిగి వస్తారని దీని అర్థం. అయితే అందరికీ ఈ వరుస వర్తించదని తర్వాతి పరిశోధకులు చూపారు, చాలామందికి మొదటి వారాలే గడ్డుగా ఉంటాయి. కాబట్టి క్యాలెండరు చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. సెప్టెంబరులో వెళితే డిసెంబరు దిగులు మాత్రం దాదాపు ఖాయం. బెర్లిన్‌లో ఆ నెల సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, మన చిత్తూరు ఎండలో పెరిగిన పిల్లకు అది కొత్త. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ నెలల కోసం క్రీడా సంఘంలోనో పాటల బృందంలోనో ముందే చేరమని చెప్పండి. సెలవు రోజున ఆమెను గది దాటించేది అదే.

మీ వంతు కూడా కొంత ఉంది. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదు. పిల్లలు ఇంట్లో గోల చేసే, ఆమె పనిలో ఉండే వేళ. ఆ సమయాన రోజూ వీడియో కాల్ చేసి 'తిన్నావా, ఏడుస్తున్నావా' అని అడిగితే ఆమె అక్కడా ఉండలేకపోతుంది, ఇక్కడికీ రాలేకపోతుంది. వారానికి రెండు రోజులు, ఆమె చెప్పిన వేళకు మాట్లాడండి.

నిజంగా ఇబ్బంది ఉంటే ఏడాది భరించాలన్న నియమమేమీ లేదు. గడువు ప్రకారం నోటీసు ఇచ్చి మరో కుటుంబానికి మారవచ్చు, అందుకు అక్కడి విదేశీయుల కార్యాలయానికి తెలపాలి. ఒప్పందంలో ఆ నోటీసు గడువు, పని గంటలు, సెలవులు స్పష్టంగా ఉన్నాయో లేదో సంతకానికి ముందు మీరిద్దరూ కలిసి చదవండి. తిరుగు టికెట్టుకు సరిపడా డబ్బును ఎవరూ ముట్టని ఖాతాలో ఆమె పేరు మీదే వేయండి.