పాపకి ఐరిష్ పేరు పెడితే ఇండియాలో మనవాళ్ళు పలకగలరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీవారు ఐరిష్, మీది విజయవాడ, కాపురం డబ్లిన్‌లో. పుట్టబోయేది పాప అని స్కాన్‌లో చెప్పేశారు. ఆయనకి అచ్చమైన ఐరిష్ పేరే కావాలి. మీ అమ్మగారికి నక్షత్రం ప్రకారం అక్షరం కావాలి. మీరు నీవ్, కీరా, ఈఫా అని మూడు పేర్లు రాసుకుని, స్పెల్లింగులు చూసి టెన్షన్ పడుతున్నారు. మాదీ అలాంటి ఇల్లే కాబట్టి కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను. నాది మదనపల్లె, మా ఆయనది క్లేర్ కౌంటీ, మా పాప పేరు రోషీన్.

ముందు స్పెల్లింగ్ భయం వదిలించుకోండి. ఐరిష్ పేరుని ఇంగ్లిష్ చదివినట్టు చదవబట్టే ఈ తంటా అంతా. దాని లెక్క దానికుంది. బి పక్కన హెచ్ వచ్చినా, ఎం పక్కన హెచ్ వచ్చినా ఎక్కువగా మన ‘వ’. ఎస్ పక్కన ఇ గానీ ఐ గానీ ఉంటే ‘ష’. సి ఎప్పుడూ ‘క’నే. టి, హెచ్ కలిస్తే ‘హ’. డి-హెచ్, జి-హెచ్ పేరు మధ్యలో వస్తే చాలాసార్లు వాటిని విడిగా పలికే పనే లేదు. ఇప్పుడు ఎస్-ఐ-ఓ-బి-హెచ్-ఏ-ఎన్ చదవండి: షివాన్. ఎన్-ఐ-ఏ-ఎం-హెచ్: నీవ్. ఎస్-ఏ-డి-హెచ్-బి-హెచ్ అని చూస్తే గుండె ఆగుతుంది గానీ, నోటికొచ్చేసరికి అది ‘సైవ్’, అంతే.

ఆ హెచ్ కూడా అసలు విడి అక్షరంగా వచ్చింది కాదు. పాత ఐరిష్ లిపిలో హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. చుక్క పడితే హల్లు మెత్తబడినట్టు. మామూలు రోమన్ అక్షరాలకి మారాక చుక్క బదులు పక్కన హెచ్ రాయడం అలవాటైంది. మన ఒత్తుల్లాగా దాన్ని పక్క అక్షరంతో కలిపి చూస్తే సగం గందరగోళం పోతుంది. ఇక అచ్చు మీద వాలుగా ఉండే గీత పేరు ఫాదా. అది మన దీర్ఘమే. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. షాన్ అనే పేరులో ఆ గీత తీసేస్తే మిగిలే ఐరిష్ మాటకి ‘ముసలి’ అని అర్థం.

కాబట్టి నేను చేసిన పని మీరూ చేయండి. అమ్మకి ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూపించకండి. పేర్లన్నీ తెలుగులో రాసి వాట్సాప్‌లో పంపండి. మా అమ్మ ‘రోషీన్’ అని చదివి మొదటి ఫోన్‌లోనే తడబడకుండా పిలిచింది. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం ముందు ఆర్-ఓ-ఐ-ఎస్-ఐ-ఎన్ అనే స్పెల్లింగ్ చూశాడు. “రైసిన్ ఏంటే, కిస్మిస్ పండా?” అని ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఇంగ్లిష్ మీదుగా వెళ్ళినవాళ్ళకే ఈ కష్టం. మన లిపికి షీ, రో, వా, దీర్ఘాలు అన్నీ చేతిలో పనే.

తర్వాతది అసలైన పరీక్ష: ఆ పలుకు తెలుగు చెవికి ఎలా వినిపిస్తుంది? మేం మొదట రాసుకున్న లిస్టు చూసి మా చెల్లి పడీపడీ నవ్వింది. అందులో మీలాగే కీరా ఉంది. ఐరిష్‌లో నల్లని జుట్టున్న పిల్ల అని అర్థం, చాలా అందమైన పేరు. కానీ మనకి కీరా అంటే దోసకాయ. దాని కింద సొరఖా అని ఇంకో పేరు, వెలుగు అని అర్థం. మా చెల్లి దాన్ని ‘సొరకాయ’ అనే చదివింది. “అక్కా, పిల్లలకి పేర్లా, కూరగాయల బండికి లిస్టా?” అంది. రెండూ అక్కడికక్కడే కొట్టేశాం. ఐర్లండ్‌లోనే పుట్టి పెరిగే పిల్లకి ఇది పెద్ద విషయం కాదనిపించవచ్చు. కానీ ప్రతి వేసవి సెలవులకీ విజయవాడ తీసుకెళ్ళాలనుకుంటే, బావలూ మరదళ్ళూ ఊరుకుంటారా?

ఇంకో చిన్న కిటుకు. హల్లుతో ముగిసే పేరుకి మనవాళ్ళు తెలియకుండానే చివర ‘ఉ’ తగిలిస్తారు. షివాన్ ‘షివాను’ అవుతుంది, పర్వాలేదు. నీవ్ మాత్రం ‘నీవు’ అయిపోతుంది. “నీవు నిద్రపోయిందా?” అని అమ్మమ్మ అడిగితే వినడానికి వింతగానే ఉంటుంది. అచ్చుతో ముగిసేవి సులువు: ఊనా, ఏవా, ఓర్లా, కీవా. షీలా, తారా ఎలాగూ ఉన్నాయి. షీలా అనేది ఐరిష్‌లో ఉన్న పాత ఆడపిల్లల పేరే. తారా అంటే వాళ్ళకి మీత్ కౌంటీలో పూర్వం ఐర్లండ్ మహారాజులు కొలువున్న గుట్ట పేరు, మనకి నక్షత్రం. మా అత్తగారు తారా అంటే మొగ్గు చూపారు, మా ఆయనకే ‘అందరికీ ఉంటుంది’ అని నచ్చలేదు.

నక్షత్రం విషయానికి వద్దాం. ఇక్కడ బిడ్డ పుట్టాక మూడు నెలల లోపల రిజిస్టర్ చేయిస్తే చాలు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోగా పేరు తేల్చాలనే తొందర లేదు. అందుకని ముందే ఒక్క పేరు మీద కూర్చోకండి. వేర్వేరు పలుకులతో మొదలయ్యే ఆరేడు పేర్లు ఇద్దరికీ నచ్చినవి పెట్టుకోండి, పుట్టాక నక్షత్రం చూసి అందులోంచి తీయండి. అక్షరం అంటే పలుకే, స్పెల్లింగ్ కాదు. ఈఫా ఇంగ్లిష్‌లో ఏ-ఓ-ఐతో మొదలైనా మీకు కావాల్సింది ‘ఈ’, అంటే కృత్తిక రెండో పాదం. నీవ్ అయితే అనూరాధ రెండో పాదం. మా పాప స్వాతి మూడో పాదంలో పుట్టింది, అక్షరం ‘రో’. లిస్టులో నాలుగో వరుసలో ఉన్న రోషీన్ ఒక్కసారిగా పైకొచ్చేసింది. చిన్న గులాబీ అని అర్థం అనేసరికి మా అమ్మకి ఇంకేం అభ్యంతరం లేదు, రోజా అనే ముద్దుపేరు ఆ పూటే ఖాయం చేసేసింది.

న్యూమరాలజీ వాళ్ళని మాత్రం దగ్గరికి రానీయకండి. మా మేనమామ లెక్క కుదరడం లేదని మధ్యలో ఒక హెచ్ తగిలించమన్నారు. ఐరిష్‌లో ఎస్ పక్కన హెచ్ చేరితే ‘హ’ అయిపోతుంది, అప్పుడు పిల్ల పేరు రోహీన్. ఈ ముక్క మా ఆయన ఓపిగ్గా వీడియో కాల్‌లో వివరిస్తే మామయ్య ఊరుకున్నారు.

నామకరణం డబ్లిన్‌లో మా ఇంట్లోనే చేశాం, పంతులుగారు మదనపల్లె నుంచి ఫోన్‌లో. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయమన్నారు తండ్రిని. ఈయన ముందు రోజు రాత్రి నోట్‌బుక్‌లో తెలుగులో రాసి రాసి నేర్చుకున్నాడు. ‘రో’ బాగానే వచ్చింది. ‘షీ’ దగ్గర గుడిదీర్ఘం బియ్యంలో నిలవలేదు, గింజలు జారి గీత పూడిపోతుంటే మూడోసారికి నా చెయ్యి పట్టుకుని పూర్తి చేశాడు. అప్పుడు గమనించాడు: ఐరిష్‌లో రెండు ఫాదాలు ఎక్కడ పడతాయో తెలుగులో రెండు దీర్ఘాలూ సరిగ్గా అక్కడే పడ్డాయి. మా అత్తగారు ఆ పళ్ళెం ఫోటో తీసి క్లేర్‌లో చుట్టాలందరికీ పంపించారు.

మా నాన్న మొదట్లో కొంచెం గునిశారు. ఆయన చదివింది మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్ ఆవిడే, రోస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో పుట్టారు. ఈ సంగతి అల్లుడి నోటి వెంట విన్నాక నాన్న స్వరం మారిపోయింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా “ఆ పేరేంటి సార్” అంటే ఆయనే కాలేజీ దగ్గర మొదలుపెట్టి అరగంట చెప్తారు.

పేర్లు ఎక్కడ వెతకాలి అన్నారు. ‘టాప్ 100 ఐరిష్ పేర్లు’ అని వచ్చే అమెరికా లిస్టుల్ని నమ్మకండి. కొలీన్ అని అందులో తప్పకుండా ఉంటుంది. అది ఐరిష్‌లో ‘అమ్మాయి’ అనే మామూలు మాట, ఐర్లండ్‌లో ఆ పేరు పెట్టుకునేవాళ్ళు అరుదు. కేట్లిన్ అని అమెరికాలో పలికేది కూడా ఐరిష్ కట్లీన్‌ని ఇంగ్లిష్ చదువు చదివిందే. ఇక్కడి సెంట్రల్ స్టాటిస్టిక్స్ ఆఫీస్ ఏటా పుట్టిన పిల్లల పేర్ల లెక్క విడుదల చేస్తుంది, అది చూడండి. 2021లో ఆడపిల్లల్లో మొదటి స్థానం ఫీయా అనే అచ్చ ఐరిష్ పేరుదే. ఇవన్నీ పాతకాలం పేర్లనే అనుమానం ఉంటే దాంతో పోతుంది.

లిస్టుల కన్నా మంచి చోటు మీ అత్తగారి జ్ఞాపకం. వాళ్ళకీ మనలాగే పెద్దల పేర్లు పెట్టే ఆచారం ఉంది: మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, అలా. 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. మా ఆయన ముత్తాతది అందులో దొరికింది. ఇంట్లో అందరూ టైగ్ అని పిలిచిన మనిషి కాగితం మీద ‘తిమొతి’. బ్రిటిష్ వాళ్ళ కాలంలో రికార్డుల్లో ఐరిష్ పేరు పక్కన పెట్టి దగ్గర్లో ఉన్న ఇంగ్లిష్ పేరు ఏదో ఒకటి తగిలించేవారు. టైగ్‌కి తిమొతి, సైవ్‌కి సారా, గొబ్‌నెట్‌కి ఏకంగా అబిగేల్. రెంటికీ సంబంధమే ఉండదు. మీవారు స్పెల్లింగ్ విషయంలో పట్టుపడుతున్నారంటే దాని వెనక ఇదంతా ఉంది. పలకడం సులువని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోకి మారుద్దాం అని మాత్రం అనకండి, మనసు కష్టపెట్టుకుంటారు. మా బాబుకి ముందు తెలుగు పేరు, మధ్య పేరుగా టైగ్ పెట్టాం. అత్తగారు ఎంత సంతోషించారో చెప్పలేను.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టేముందు స్క్రీన్ మీద ఫాదాలు పడ్డాయో లేదో ఒక్కో అక్షరం చూసుకోండి. ప్రభుత్వ ఆఫీసులు వాటిని సరిగ్గా నమోదు చేయాలని 2021 అధికార భాషల సవరణ చట్టంలో ఉంది గానీ, కొన్ని చోట్ల కంప్యూటర్లు ఇంకా మింగేస్తాయి. మా పాప టీకాల కార్డు మీద రెండూ ఎగిరిపోతే అడిగి మళ్ళీ రాయించాను. పాస్‌పోర్టులో కింద మెషిన్ చదివే వరుసలోనూ, విమానం టికెట్‌లోనూ ఫాదా ఉండదు, దానికి కంగారు పడక్కర్లేదు. ఐరిష్ మీడియం బడికి పంపే ఆలోచన ఉంటే చాలాసార్లు ఇంటిపేరు కూడా ఐరిష్‌లోకి మారి, ఆడపిల్లకి ముందు ‘నీ’ లాంటిది చేరుతుంది. మర్ఫీ గారి కూతురు బడి రిజిస్టర్‌లో ‘నీ వురఖూ’. అది చూసి ఈ పిల్ల ఎవరని ఆఫీసుకి ఫోన్ చేసిన తెలుగు తల్లులున్నారు.

ఇక మీ మూడు పేర్లు. కీరా తీసేయండి, కారణం చెప్పాను. నీవ్ నాకు ఇష్టమే. పడుచుదనం పోని దేశం నుంచి తెల్ల గుర్రం మీద వచ్చి ఉషీన్ అనే వీరుణ్ణి తీసుకెళ్ళిన, పాత ఐరిష్ కథలోని బంగారు జుట్టు రాకుమారి పేరు అది. ‘నీవు’ జోకులు భరించగలిగితే పెట్టుకోండి. నా ఓటు ఈఫాకే. ఇంకో పాత కథలో లీర్ అనే ఆయన పిల్లల్ని హంసలుగా మార్చేసిన సవతి తల్లి పేరు కూడా ఈఫానే, కానీ ఇక్కడ ఎవరూ అది పట్టించుకోరు, ప్రతి క్లాసులోనూ ఒక ఈఫా ఉంటుంది. ఒక్కటే చూసుకోండి: ‘ఫ’ పలకలేని పెద్దవాళ్ళు ‘ఈపా’ అంటారు, పల్లెల్లో వీపుని ఈపు అనేవాళ్ళు చాలామంది. మీ అమ్మమ్మగారి చేత ఒకసారి పిలిపించి చూడండి. ఆవిడకి రాకపోతే నాలుగో పేరుగా కీవా రాసుకోండి. దాన్ని కొందరు, ముఖ్యంగా ఉత్తరాది కౌంటీల వాళ్ళు, ‘క్వీవా’ అంటారు. మీ అత్తగారిది ఏ ఊరో, వాళ్ళింట్లో ఏది వాడతారో ముందే అడిగి పెట్టుకోండి, పుట్టాక ఒక బామ్మ ఒకలా, ఇంకో అమ్మమ్మ ఇంకోలా పిలవకుండా.