మెడ డిస్కు: రిపోర్టు పక్కన పెట్టి ముందు చెయ్యి చూసుకో

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎమ్మారై రిపోర్టు చూశాను. అది చదివి నిద్ర మానేశావని మీ అమ్మ చెప్పింది. ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బి కనిపిస్తుంది. ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసిన నేను రిపోర్టు కన్నా ముందు చెయ్యి చూస్తాను.

మెడలో 7 పూసలు. డిస్కు జారిందంటే మొత్తంగా పక్కకి తప్పుకుందని కాదు. దాని చుట్టూ ఉండే గట్టి పొర చిట్లి, లోపలి మెత్తటి గుజ్జు కొంత బయటికొచ్చి చేతికి వెళ్లే నరాన్ని ఒత్తుతుంది. అందుకే తంటా మెడలో, తిమ్మిరి వేళ్లలో. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే సాధారణంగా 5, 6 పూసల మధ్య. నడిమివేలైతే 6, 7 మధ్య. నీది నడిమివేలే, రిపోర్టులోనూ 6-7 అనే ఉంది. రెండూ కలిశాయి కాబట్టి నమ్మొచ్చు.

ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది. బయటికొచ్చిన ముక్కని చాలాసార్లు ఒళ్లే కరిగించేసుకుంటుంది.

ఈలోగా మంచం పట్టకు. కాలర్ అవసరమైతే కొద్దిరోజులే, ఎక్కువ వాడితే కండరాలు నీరసిస్తాయి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లే. కడుపులో పుండు, బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పు. నొప్పి మరీ లాగుతుంటే ఆ చెయ్యి తలమీద పెట్టుకుని చూడు, చాలామందికి హాయిగా ఉంటుంది. బోర్లా పడుకోవద్దు. తలగడ మెడని వంచకుండా నిలబెట్టేంత ఎత్తుంటే చాలు. తల బరువు సుమారు 5 కిలోలు, ఫోన్ మీదికి వంగినప్పుడు ఆ భారమంతా మెడదే. ఫోన్‌ని కంటి ఎత్తుకి తెచ్చుకో. ఎవరిచేతా మెడ విరిపించుకోకు, ఈ విషయంలో నేను మొండిదాన్నే.

వ్యాయామాలు నొప్పి కాస్త దిగాకే: గడ్డం వెనక్కి లాగడం, రెక్కలెముకలు దగ్గరికి తేవడం. చేస్తున్నప్పుడు నొప్పి చేతి కిందికి పాకితే ఆపెయ్. వేళ్లనుంచి మెడవైపు వెనక్కి తగ్గుతుంటే మెడలో కాస్త ఎక్కువనిపించినా మంచి గుర్తే.

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, కాళ్లు బిగుసుకుని నడక తూలడం, మూత్రం మీద పట్టు తప్పడం, ఇవి వేరే లెక్క. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండొచ్చు. ఏది కనిపించినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లు. చెయ్యినొప్పితో పాటు ఛాతీ బిగపట్టి చెమటలు పడితే గుండె కావచ్చు, క్షణం ఆగొద్దు.

వారాలు గడిచినా చెయ్యి లాగుడు తగ్గకపోతే అప్పుడు సర్జరీ మాట. సాధారణంగా మెడ ముందునుంచి డిస్కు తీసి పూసల్ని కలుపుతారు, కొందరికి కృత్రిమ డిస్కు పెడతారు. దానివల్ల చేతి నొప్పి తగ్గినంత బాగా మెడనొప్పి తగ్గదు. ఒప్పుకునేముందు సర్జన్‌ని ఇదే అడుగు.

రేపు పొద్దున ఒక్కో చేత్తో గోడని నెట్టి చూడు. మోచెయ్యి చాపే బలం రెండు వైపులా సమానంగా ఉంటే తీరిగ్గా నాకు ఫోన్ చెయ్. నొప్పి ఉన్నవైపు బలం తగ్గిందనిపిస్తే నాకు కాదు, ముందు డాక్టరుకి చెయ్.

మీ అత్త