అగస్టీన్ నుంచి రీజెన్సీ రొమాన్స్ దాకా: బుక్ క్లబ్‌కి వెళ్లే ముందు

ప్రశ్న: అక్కా, ఇక్కడికి వచ్చి కొన్ని నెలలైంది. డిపెండెంట్ వీసా కాబట్టి పగలంతా ఖాళీ. పక్కింటావిడ వాళ్ల బుక్ క్లబ్‌కి రమ్మని పిలుస్తోంది. ఒక నెల క్రైస్తవ థియాలజీ (దేవుడి గురించీ, నమ్మకాల గురించీ లోతుగా ఆలోచించే పుస్తకాలు), మరుసటి నెల హిస్టారికల్ రొమాన్స్ చదువుతారట. మాది హిందూ కుటుంబం. వెళ్లొచ్చా? నేను తెలుగు నవలలు తప్ప పెద్దగా చదవలేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: నిక్షేపంగా వెళ్లండి. పుస్తకం చదివినంత మాత్రాన ఎవరూ మతం మారిపోరు. ఎవరైనా ప్రార్థనలకి కూడా రమ్మని మరీ పట్టుబడితే, పుస్తకాల కోసమే వస్తున్నానని నవ్వుతూ చెప్పేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి అనుమానంగా ఉంటే చదివిన కథ ఫోన్లో వాళ్లకీ వినిపించండి. ముందుగా నేను చెప్పబోయే పుస్తకంలోని తల్లి కథ ఏ అత్తగారికైనా నచ్చుతుంది.

థియాలజీని వాదనలతో మొదలుపెట్టకండి. మనుషులతో మొదలుపెట్టండి. దేవుడున్నాడా, చెడు ఎందుకుంది అని తర్కించే పుస్తకం ముందే చేతికొస్తే ముప్పయ్యో పేజీ దగ్గర వదిలేస్తారు. ఆత్మకథలు, ఉత్తరాలు, నవలల గుండా వెళ్తే ఆ తర్కం ఎవరికి, ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. అప్పుడు అది కూడా చదవాలనిపిస్తుంది.

అందుకే నా లెక్కలో మొదటిది తొలినాళ్ల క్రైస్తవ గురువు అగస్టీన్ రాసిన ‘కన్ఫెషన్స్’. క్రీస్తు శకం 400 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన పుస్తకం అనగానే భయపడకండి. ఉద్యోగం కోసం సముద్రం దాటిన కుర్రాడి కథ ఇది. ఇప్పటి అల్జీరియాలో ఒక చిన్న ఊళ్లో పుట్టి, ఆఫ్రికా తీరాన ఉన్న కార్తేజ్ నగరంలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాడు. అక్కడి స్టూడెంట్లు ఒట్టి అల్లరిమూక. ఎవరి క్లాసు అని లేకుండా చొరబడి గోల చేసేవాళ్లు. రోమ్‌లో పిల్లలు బుద్ధిగా ఉంటారని విని 383లో బయల్దేరాడు. తల్లి మోనికా వెళ్లొద్దని, వెళ్తే తననీ తీసుకెళ్లమని పట్టుకుంది. ‘స్నేహితుణ్ణి ఓడ ఎక్కించి వచ్చేస్తాను’ అని అబద్ధం చెప్పి, ఆ రాత్రికి రేవు పక్కనున్న ఒక మందిరంలో ఆమెను ఉండమని ఒప్పించి, తను ఓడెక్కేశాడు. తెల్లారేసరికి ఆవిడ ఒడ్డున ఒంటరిగా ఏడుస్తూ మిగిలింది. తీరా రోమ్ వెళ్తే అక్కడి పిల్లలు గోల చేయరు గాని, ఫీజు కట్టే రోజు రాగానే మూకుమ్మడిగా వేరే మాస్టారి దగ్గరికి జంప్ అయిపోతారట! కన్సల్టెన్సీల మాటలు నమ్మి వచ్చినవాళ్లకి ఈ పేజీలు బాగా అర్థమవుతాయి.

తర్వాత మిలాన్‌లో మంచి ఉద్యోగం దొరికింది. తల్లీ వెతుక్కుంటూ వచ్చేసింది. వచ్చి మంచి సంబంధం కుదిర్చింది. దాంతో ఏళ్ల తరబడి తనతో కాపురం చేసి, కొడుకుని కన్న మనిషిని అగస్టీన్ ఆఫ్రికాకి తిప్పి పంపేశాడు. ఆమె కొడుకుని అతని దగ్గరే వదిలి, ఇంకో మగాడి మొహం చూడనని ఒట్టేసుకుని వెళ్లిపోయింది. తన గుండె రక్తం కారిందని రాసుకున్నాడు గాని పుస్తకం మొత్తంలో ఎక్కడా ఆమె పేరు రాయలేదు. ఎన్నిసార్లు చదివినా ఆ చోట ఆయన మీద నాకు కోపం తగ్గదు. క్లబ్‌లో ఈ విషయం ఎత్తి చూడండి, గంటసేపు చర్చ నడుస్తుంది.

387లో అగస్టీన్ బాప్తిస్మం తీసుకుని క్రైస్తవుడయ్యాడు. ఆ తర్వాత అందరూ తిరుగు ప్రయాణమయ్యారు. రోమ్ దగ్గర ఓస్టియా రేవులో మోనికాకి జ్వరం వచ్చింది. భర్త సమాధి పక్కనే తనకి చోటుండాలని జీవితమంతా కోరుకున్న మనిషి, చివరికి ఈ ఒంటిని ఎక్కడైనా పాతిపెట్టండి, ప్రార్థనలో మాత్రం నన్ను తలుచుకోండి అంది. విదేశంలో పోతున్నానన్న బెంగ లేదా అని పక్కవాళ్లు అడిగితే దేవుడికి దూరం ఏముంటుంది అన్నదట. అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన మనలాంటివాళ్లు ఈ అధ్యాయం రాత్రి పూట చదవకపోవడమే మేలు.

ఇందులో మొత్తం పదమూడు భాగాలు. కథ తొమ్మిదో భాగంతో అయిపోతుంది. ఆ తర్వాత జ్ఞాపకం, కాలం, సృష్టి గురించి లోతైన ఆలోచనలు. మొదటిసారికి తొమ్మిదితో ఆపేస్తే ఎవరూ ఏమనుకోరు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అనువాదాలు పాతకాలపు ఇంగ్లీషులో ఉంటాయి, కొత్తవాళ్లకి కొరుకుడుపడవు. లైబ్రరీలో హెన్రీ చాడ్విక్ 1991 అనువాదం అడగండి. కింద నోట్సు కూడా ఉంటాయి.

రెండోది డీట్రిక్ బోన్‌హోఫర్ జైలు ఉత్తరాలు, ‘లెటర్స్ అండ్ పేపర్స్ ఫ్రమ్ ప్రిజన్’. నాజీలని ఎదిరించిన జర్మనీ పాస్టరు. 1939లో స్నేహితులు ఆయన్ని క్షేమంగా న్యూయార్క్ చేర్చారు. నెల రోజులైనా ఉండలేక, యుద్ధం వస్తుందని తెలిసే ఓడెక్కి వెనక్కి వెళ్లిపోయాడు. కష్టకాలంలో తన జనంతో లేకపోతే రేపు యుద్ధం ముగిశాక అక్కడ మాట్లాడే హక్కు తనకుండదన్నాడు. 1943లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న, యుద్ధం ఇంకొన్ని వారాల్లో ముగుస్తుందనగా నాజీలు ఉరితీశారు. సెన్సారు కళ్లుగప్పి స్నేహితుడికి రాసిన ఆ ఉత్తరాల్లో థియాలజీ ఉంది, సిగరెట్ల గురించి ఉంది, పాటల గురించి ఉంది. అరెస్టుకి కొద్దినెలల ముందే మారియా అనే అమ్మాయితో ఆయనకి నిశ్చితార్థమైంది. వాళ్లిద్దరి ఉత్తరాలు ‘లవ్ లెటర్స్ ఫ్రమ్ సెల్ 92’ పేరుతో వేరే పుస్తకంగా వచ్చాయి. మీ క్లబ్ రెండు రకాలూ చదువుతుంది కాబట్టి ఈ రెండిటినీ జతగా పెట్టమని మీరే సలహా ఇవ్వొచ్చు.

ఇక బ్రిటిష్ రచయిత సి. ఎస్. లూయిస్ పుస్తకం ‘మియర్ క్రిస్టియానిటీ’ ఎవరో ఒకరు మీ చేతిలో పెట్టి తీరతారు. యుద్ధకాలంలో బీబీసీ రేడియోలో చెప్పిన ప్రసంగాలని 1952లో పుస్తకం చేశారు. భాష సులువే, కాని అది ఒప్పించడానికి రాసిన పుస్తకం. నన్నడిగితే ఆయనదే ‘ది స్క్రూటేప్ లెటర్స్’ ముందు చదవండి. పెద్ద దెయ్యం ఒకటి, మనిషిని ఎలా చెడగొట్టాలో తన మేనల్లుడు దెయ్యానికి ఉత్తరాల్లో ట్రైనింగ్ ఇస్తుంది. చిన్న పుస్తకం. ఆ మనిషి తల్లి తినే టోస్టు, టీ మీద చూపించే చాదస్తం కూడా ఒక రకం తిండిపోతుతనమే అంటూ వచ్చే ఉత్తరం చదివితే మనింట్లోవాళ్లు కళ్లముందు మెదులుతారు.

నమ్మకాల సంగతి సూటిగా, క్లుప్తంగా తెలియాలంటే రోవన్ విలియమ్స్ ‘బీయింగ్ క్రిస్టియన్’ చాలు. బాప్తిస్మం, బైబిల్, ప్రభు రాత్రి భోజనం (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం), ప్రార్థన, అంతే. అక్వినాస్ ‘సుమ్మా’, కార్ల్ బార్త్ ‘చర్చ్ డాగ్మాటిక్స్’ లాంటి మహాగ్రంథాల జోలికి ఇప్పుడే పోకండి. రాసినవాళ్లే వాటిని పూర్తి చేయకుండా పోయారు.

చర్చిలోనే పుట్టిపెరిగి, ఇంగ్లీషు థియాలజీకి జంకేవాళ్లు బన్యన్ ‘పిల్గ్రిమ్స్ ప్రోగ్రెస్’తో మొదలుపెట్టొచ్చు, ‘యాత్రికుని ప్రయాణం’గా చిన్నప్పుడే విని ఉంటారు. తెలుగులోనే కావాలంటే జాషువా ‘క్రీస్తు చరిత్ర’ ఉండనే ఉంది. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది.

ఇటు నుంచి రొమాన్స్ వైపు దాటడానికి మంచి వంతెన ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’, 1991 నవల. బైబిల్‌లో హోషేయ అనే ప్రవక్తని దేవుడు ఒక వేశ్యని పెళ్లి చేసుకోమంటాడు. ఆమె వదిలి వెళ్లిపోయినా మళ్లీ వెళ్లి తెచ్చుకోమంటాడు. ఆ కథని రచయిత్రి 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల రోజుల్లోకి తెచ్చింది. నవలకి ముందు హోషేయ మొదటి మూడు అధ్యాయాలు చదివేయండి, పావుగంట పని. ఒక హెచ్చరిక: మొదట్లోనే చిన్నపిల్ల మీద అత్యాచారాలున్నాయి, తట్టుకోవడం కష్టం. కథానాయకుడు మరీ మచ్చలేని మనిషి కావడం నాకు పెద్దగా నచ్చలేదు, క్లబ్‌లో చాలామంది నాతో ఏకీభవించకపోవచ్చు.

హిస్టారికల్ రొమాన్స్ అంటే చాలామంది అట్టమీద చొక్కా గుండీలు విప్పుకున్న మగాణ్ణి చూసి మొహం తిప్పుకుంటారు. ఈ-రీడర్‌లో అట్ట ఎవరికీ కనపడదు లెండి! బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, ‘హిమబిందు’ ఇష్టపడి చదివినవాళ్లం, మనకి ఈ రకం కథలు కొత్తేమీ కాదు. ఇంగ్లీషులో దీనికొక కట్టుబాటు ఉంది: ఎన్ని కష్టాలొచ్చినా చివరికి జంట కలవాలి. కలుస్తారని ముందే తెలుసు కాబట్టి, ఎలా కలుస్తారన్నదాని మీదే రచయిత పనితనమంతా.

ఇందులో రీజెన్సీ రకానికి, అంటే 1811–1820 నాటి ఇంగ్లండు కథలకి, దారి వేసింది జార్జెట్ హేయర్. పడకగది సీన్లు ఉండవు, హాస్యం పుష్కలం. ‘ఫ్రెడరికా’ చదవండి. తల్లిదండ్రులు లేని ఇరవై నాలుగేళ్ల అమ్మాయి చెల్లెలి పెళ్లి కోసం తోబుట్టువుల్ని వెంటేసుకుని లండన్‌కి వచ్చి, ఎప్పుడూ చూడని దూరపు చుట్టం ఒకాయన్ని సాయం అడుగుతుంది. కొత్త ఊళ్లో మనందరం చేసే పనే. వాళ్ల కుక్క గ్రీన్ పార్కులో ఆవుల వెంటపడి రచ్చ చేస్తే, అది మామూలు కుక్క కాదు, అరుదైన బలూచిస్తాన్ జాతి అని ఆ పెద్దమనిషి అలవోకగా కోసే కోత చూడాలి. ఆవిడ ‘ది గ్రాండ్ సోఫీ’ని చాలామంది మెచ్చుకుంటారు గాని, అందులో యూదు వడ్డీవ్యాపారిని చూపించిన తీరు అసహ్యంగా ఉంటుంది. తెలిసి చదవండి.

మీరు అమెరికాలో ఉంటే బెవర్లీ జెన్‌కిన్స్ ‘ఇండిగో’ వదలొద్దు. హెస్టర్ అనే అమ్మాయి బానిసగా నీలిమందు పనిచేసినందువల్ల ఆమె చేతులు ఎప్పటికీ నీలంగానే ఉండిపోయాయి. స్వేచ్ఛ వచ్చాక, పారిపోయి వచ్చే బానిసల్ని తన ఇంట్లో దాచి ముందుకు పంపుతుంటుంది. అలా ఒకరాత్రి దెబ్బలతో వచ్చినవాడే కథానాయకుడు. దీని పక్కన జేమ్స్ కోన్ ‘ది క్రాస్ అండ్ ది లించింగ్ ట్రీ’ పెట్టుకోండి. 2011లో వచ్చింది, శిలువనీ, నల్లజాతివాళ్లని వేలాడదీసిన చెట్టునీ కలిపి చూసే థియాలజీ. ఆఫీసులో జాతి గురించి మాటలొచ్చినప్పుడు జనం ఎందుకు అంత జాగ్రత్తగా మాట్లాడతారో ఈ రెండూ చదివాక బోధపడుతుంది.

టీవీ వల్ల అందరి నోటా వినిపించే ‘అవుట్‌లాండర్’, ‘బ్రిడ్జర్టన్’ల గురించి రెండే మాటలు. మొదటిది 1746 కలోడెన్ యుద్ధానికి ముందటి స్కాట్లండ్, చాలా లావు పుస్తకం, హింస ఎక్కువ. రెండోది తేలిగ్గా సాగిపోతుంది, చరిత్ర తక్కువ, సరసం ఎక్కువ. మామగారు పక్కన కూర్చున్నప్పుడు దాని ఆడియోబుక్ స్పీకర్లో పెట్టకండి.

లైబ్రరీ కార్డు ముందు తీసుకోండి. అడ్రసు రుజువు చూపిస్తే సాధారణంగా ఉచితంగానే ఇస్తారు. మీ లైబ్రరీ లిబ్బీ యాప్‌లో ఉంటే ఇ-బుక్కులు, ఆడియోబుక్కులు ఫోన్లోకే వస్తాయి. చెవులతో వింటూ కళ్లతో చదివితే ఇక్కడివాళ్ల ఉచ్చారణ కూడా అలవాటవుతుంది. పేరున్న పుస్తకాలకి క్యూ పెద్దదే, ఇవాళే హోల్డు పెట్టేయండి. మీ వంతు వచ్చేలోపు జేన్ ఆస్టిన్ ‘పర్సుయేషన్’ని, పాత పుస్తకాలు ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్ నుంచి దించుకోండి. పెద్దల మాట విని ఎనిమిదేళ్ల కిందట తను కాదన్నవాడే ఎదురుపడితే ఆ అమ్మాయి ఏం చేసిందన్నది కథ. వాక్యాలు కాస్త పొడుగ్గా ఉంటాయి, రోజుకొక అధ్యాయం చాలు.