సమ్మతి ఉందని రాస్తే చాలదు, ఎలా తీసుకున్నారో చెప్పాలి

ప్రశ్న: అమెరికాలో పిల్లలకు లెక్కల ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాను. క్లాసు వేళల మార్పులు, వేసవి క్లాసుల రాయితీలు తల్లిదండ్రులకు టెక్స్ట్ మెసేజ్‌లుగా పంపడానికి క్యాంపెయిన్ రిజిస్ట్రేషన్‌కు (వ్యాపారాలు ఏ మెసేజ్‌లు, ఎవరి సమ్మతితో పంపుతాయో ముందే నమోదు చేయించుకోవడానికి) దరఖాస్తు చేస్తే రెండుసార్లు తిరస్కరించారు. సమ్మతి వివరాలు అడిగినచోట ‘మా కస్టమర్లందరూ ఒప్పుకున్నారు’ అని రాశాను. ఏళ్ల తరబడి వాళ్లు మాకు సొంత మనుషుల్లాంటివాళ్లు. వెబ్‌సైట్‌లో సమ్మతి ఫారం ఉన్నట్టు రాస్తే ఆమోదం వస్తుందని మెసేజింగ్ కంపెనీ ఉద్యోగి ఒక నమూనా పంపాడు. ఇంతలో, ఈ మధ్య వేరే సర్వీసు ద్వారా పంపిన మెసేజ్‌లకు తాను ‘స్టాప్’ అని జవాబిచ్చాక కూడా మరో రెండు వచ్చాయని, దావా వేస్తానని ఒక తండ్రి ఉత్తరం రాశాడు. ఇన్నేళ్ల పరిచయానికి ఇదా ఫలితం? నేనేం చేయాలి?

జవాబు: మీ అనుబంధం గురించి కోర్టు అడగదు, రిజిస్ట్రేషన్ పరిశీలించేవారు అంతకంటే అడగరు. ఇద్దరూ అడిగేది ఒక్కటే: ఫలానా నంబరు గల వ్యక్తి, ఫలానా తేదీన, ఏ మాటలు చదివి, ఏ విధంగా ఒప్పుకున్నాడో మీరు చూపగలరా? అక్కరలేని ఫోన్ కాల్స్, మెసేజ్‌ల నుంచి వినియోగదారులను కాపాడే 1991 నాటి ఫెడరల్ చట్టం టెలిఫోన్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద వచ్చే కేసుల్లో సమ్మతి ఉందని రుజువు చేయవలసిన భారం మెసేజ్ పంపినవారిదే. తాను ఒప్పుకోలేదని ఉత్తరం రాసిన ఆ తండ్రి రుజువు చేయనక్కరలేదు.

మీ మొదటి పొరపాటు రెండు రకాల మెసేజ్‌లను ఒకే గాటన కట్టడం. క్లాసు వేళ మారిందని చెప్పడానికి, ఆ పని కోసం తండ్రి తన నంబరు తానుగా ఇచ్చి ఉంటే సాధారణంగా సరిపోతుంది. రాయితీ గురించి చెప్పే మెసేజ్ ప్రచారం కిందికి వస్తుంది. దానికి సంతకంతో కూడిన లిఖిత సమ్మతి ఉండాలన్న లెక్కలోనే మీరు నడుచుకోవాలి. ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుంది. ఒప్పుకోవడం ఫీజు కట్టడానికో, చేరడానికో షరతు కాదన్న మాట ఆ సమ్మతిలోనే ఉండాలి. ఈ లిఖిత సమ్మతి నియమం వర్తించే ఆటోమేటిక్ డయలింగ్ (యంత్రమే నంబర్లు ఎంచుకుని కాల్స్, మెసేజ్‌లు పంపడం) నిర్వచనాన్ని 2021లో సుప్రీంకోర్టు కుదించిన మాట నిజమే కానీ, ఆ తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోకండి. ప్రచార కాల్స్ వద్దనుకున్నవారు తమ నంబర్లు నమోదు చేసుకునే జాతీయ డు నాట్ కాల్ జాబితాలో ఉన్న నంబరుకు 12 నెలల్లో ఒకటికి మించి ప్రచార మెసేజ్‌లు వెళితే అది వేరే దావాకు దారి తీయవచ్చు. ఫ్లోరిడా, టెక్సాస్ వంటి రాష్ట్రాలకు సొంత చట్టాలు కూడా ఉన్నాయి.

‘అందరూ ఒప్పుకున్నారు’ అన్నది మీ అభిప్రాయం. దరఖాస్తు అడిగింది జరిగిన పద్ధతి. సమ్మతి ఎక్కడ తీసుకుంటారు, అక్కడ తల్లిదండ్రుల కంటికి కనిపించే వాక్యం ఏమిటి, వాళ్లు ఏం చేస్తే ఒప్పుకున్నట్టు అన్నవి వరుసగా రాయండి. ఉదాహరణకు: ‘మా వెబ్‌సైట్ అడ్మిషన్ పేజీలో తల్లి లేదా తండ్రి తన నంబరు రాసి, ముందుగా టిక్ పెట్టి ఉంచని చెక్‌బాక్స్‌లో తానే టిక్ పెడతారు, ఆ పక్కనే మా సంస్థ పేరు, క్లాసు వేళలతో పాటు రాయితీల గురించి కూడా మెసేజ్‌లు వస్తాయన్న మాట, అవి సుమారుగా ఎన్ని వస్తాయో, ఫోన్ కంపెనీ చార్జీలు పడవచ్చన్న హెచ్చరిక, ఆపాలంటే స్టాప్ అని, సాయానికి హెల్ప్ అని పంపాలన్న సూచన, ప్రైవసీ పాలసీ లింకు ఉంటాయి.’ ఆ పేజీ లింకు ఇవ్వండి; లాగిన్ వెనుక ఉంటే స్క్రీన్‌షాట్ జతచేయండి. కాగితం మీద తీసుకుంటే ఆ ఫారం నకలు ఇవ్వండి. కస్టమర్ల మొబైల్ నంబర్లను ప్రచారం కోసం ఇతరులకు ఇవ్వబోమని ప్రైవసీ పాలసీలో లేకపోతే, మిగతాదంతా బాగున్నా తిరస్కరణ రావచ్చు.

ఇక ఆ ఉద్యోగి పంపిన నమూనా. దాన్ని ముట్టుకోకండి. లేని ఫారాన్ని ఉన్నట్టు రాస్తే ఆ దరఖాస్తే మీ మీద లిఖిత సాక్ష్యమవుతుంది. ఎదుటి పక్షం న్యాయవాది మొదట దాన్ని తెప్పించుకుంటాడు. తర్వాత మీ వెబ్‌సైట్ పాత ప్రతులను తీసి దాని పక్కన పెట్టి పోల్చి చూపుతాడు. ఒక్కో మెసేజ్‌కు 500 డాలర్ల వరకు ఉండే పరిహారం, తెలిసి చేశారని కోర్టు నమ్మితే 1,500 దాకా పెరగవచ్చు. ఆ ఉద్యోగి మీతో కోర్టుకు రాడు. ఇప్పుడు ఫారం తయారుచేసి పాత తేదీలు వేయడం ఇంతకంటే ప్రమాదకరం.

ఫెడరల్ చట్టం కింద దావా వేయడానికి గడువు 4 సంవత్సరాలు, అదీ ప్రతి మెసేజ్‌కూ విడివిడిగా. కాబట్టి ఒక నంబరుకు చివరి మెసేజ్ వెళ్లాక కూడా కనీసం నాలుగేళ్లు దాని సమ్మతి రికార్డును, అంటే తేదీ, సమయం, ఆనాడు ఫారంలో ఉన్న వాక్యం నకలు, స్టాప్ అన్న జవాబులు, అన్నిటినీ భద్రపరచాలి. ఫారం మాటలు మార్చినప్పుడల్లా పాత నకలు పారేయడం చిన్న వ్యాపారాల్లో మామూలుగా కనిపించే అజాగ్రత్త.

పాత జాబితాను కొత్త క్యాంపెయిన్‌లోకి ఎక్కించకండి. సమ్మతి అడుగుతూ టెక్స్ట్ పంపినా అదీ ఒక మెసేజే అవుతుంది. ఈమెయిల్ ద్వారానో, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కాగితం ఇచ్చో అడగండి. సంతకం చేసినవారి పేర్లే ఎక్కించండి. జాబితా సగానికి పడిపోయినా సరే.

ఆ తండ్రి ఉత్తరం విషయంలో అసలు కావలసినవి మీరు రాయనే లేదు: ఆయన స్టాప్ అన్న తేదీ, తర్వాతి రెండు మెసేజ్‌ల తేదీలు. 2025 ఏప్రిల్ 11 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అలాంటి కోరికను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 10 పనిదినాలు దాటకుండా మన్నించాలి. ‘స్టాప్’ అందిన ఐదు నిమిషాల్లోపు వెళ్లే ఒక్క ధ్రువీకరణ మెసేజ్‌ను తప్పుపట్టరు. ఆ రెండూ రాయితీ మెసేజ్‌లై, గడువు దాటాక వెళ్లి ఉంటే మీకు గట్టి వాదన లేదు. కొనుగోలు చేసిన నాటి నుంచి 18 నెలల పాటు పాత కస్టమర్ల విషయంలో డు నాట్ కాల్ నిబంధన నుంచి ఉండే మినహాయింపు కూడా, వద్దని ఆయన చెప్పడంతోనే పోయింది. ఈ రోజే ఆయన నంబరును అన్ని జాబితాల నుంచీ ఆపించి, పాత సర్వీసు నుంచి పంపిన, వచ్చిన మెసేజ్‌ల పూర్తి రికార్డు దించుకోండి. ఏదీ చెరపకండి. ఆయనకు ఫోన్ చేసి బతిమాలకండి, క్షమాపణ టెక్స్ట్ అసలే పంపకండి. ఆ రికార్డుతో మీ రాష్ట్రంలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని కలిసి, విషయమంతా తేలాక, జవాబూ రాజీ ప్రతిపాదనా ఆ న్యాయవాది ద్వారానే లిఖితపూర్వకంగా పంపించండి.