నెట్ సెంటర్ పెడుతున్న మా మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

అమలాపురంలో షాపు అద్దెకి తీసుకున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం రా. రాజోల్లో ఇరవై ఏళ్ళు ఇదే పని చేసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆధార్, పాస్‌బుక్, పొలం కాగితాలు అన్నీ జనం నిన్ను నమ్మి నీ కంప్యూటర్లో వదిలేసి పోతారు, దానికేమన్నా అయితే మునిగేది నువ్వొక్కడివే కాదు.

నాకు జరిగింది చెప్తా. ఓసారి మెయిల్లో బిల్లు అని వర్డ్ ఫైలు వస్తే తెరిచి, ఎనేబుల్ కంటెంట్ అంటే అదీ నొక్కేశా, అది నొక్కితే ఫైల్లో దాచిన ప్రోగ్రాం నడుస్తుంది. భోంచేసి వచ్చేసరికి ఏ ఫైలూ తెరుచుకోట్లేదు, బిట్‌కాయిన్లు కడితే తాళం ఇస్తామని స్క్రీన్ మీద రాసుంది. రాన్సమ్‌వేర్ అంటే అదే రా. బ్యాకప్ హార్డ్ డిస్క్ ఉంది కదా అనుకుంటే దాన్ని ఎప్పుడూ సిస్టమ్‌కే తగిలించి ఉంచేవాణ్ణి, అదీ పోయింది. నెల తర్వాత ఒకావిడ చనిపోయిన భర్త ఫోటో పెద్దది చేయించుకుందామని వచ్చింది, ఆ ఫోటో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు, ఆవిడకి ఎలా చెప్పాలో నోరు రాలేదు. అందుకే బ్యాకప్ తీయగానే డిస్క్ పీకి బీరువాలో పెట్టు, వారానికోసారి చాలు.

అప్‌డేట్లు వస్తే రేపు చూద్దాం అనకు. 2017 మేలో వనాక్రై అని ఓ రాన్సమ్‌వేర్ వచ్చింది చూశావా, అది వర్మ్, వైరస్‌కైతే ఎవరో ఒకరు ఫైలు తెరవాలి, దీనికి అదీ అక్కర్లేదు, నెట్‌వర్క్‌లో దానంతటదే పక్క సిస్టమ్‌కి పాకుతుంది. 150 దేశాల దాకా వెళ్ళింది. విండోస్‌లో అది దూరిన బొక్క పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ వాళ్ళు మార్చిలోనే ఇచ్చేశారు, వేసుకోనోళ్ళే ఎక్కువ పోయారు. ఏటిగట్టుకి ఎలక బొరియ పడితే వరద వచ్చేదాకా ఆగుతామా, వేసవిలోనే పూడుస్తాం కదా. సెకండ్ హ్యాండ్‌లో విండోస్ 7 సిస్టమ్ చవగ్గా ఇస్తానంటే వద్దను, దానికి 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆపేశారు.

కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు స్కాన్ చెయ్. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనబడితే నొక్కకు, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టి చూడు, ఎక్కువసార్లు అసలు ఫైళ్ళు అక్కడే దాక్కుని ఉంటాయి.

డబ్బు కట్టకుండా దొంగదారిలో ఎక్కించే క్రాక్ ఫోటోషాప్ అసలొద్దు. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతానంటోందంటే అందులో ఏముందో ఆలోచించు, అది కీలాగర్ అయితే నువ్వు కొట్టే ప్రతి పాస్‌వర్డూ ఎవడికో వెళ్ళిపోద్ది, నీ కీబోర్డు మీద ఊళ్ళో సగం మంది పాస్‌వర్డులు కొడతారు మరి.

ఇంకోటి, పెద్దోళ్ళు ఫోన్ పట్టుకొస్తారు, వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో రైతు డబ్బులు అనో వచ్చిందని. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు యాప్, ఎక్కిందంటే మెసేజ్‌లు చదివి ఓటీపీలు లాగేస్తది. విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పు వాళ్ళకి. అప్పటికే ఎక్కించేసి ఉంటే ముందు నెట్ ఆపించు, డబ్బులు పోతే వేరే ఫోన్ నుంచి వెంటనే 1930కి చేయించు, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు కౌంటర్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించు.

ఆదివారం వస్తా, హార్డ్ డిస్క్ కొనిపెట్టు, మొదటి బ్యాకప్ ఇద్దరం కూర్చుని తీద్దాం.

మీ మావయ్య