పిల్లలు అల్లరి చేస్తున్నారని బీఈడీ మాన్పిస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఈడీ రెండో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు మాట వినడం లేదని రోజూ ఏడుస్తూ ఇంటికి వస్తోంది. మెతక మనిషి. తరగతి నిర్వహణపై ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించడం మేలా, బీఈడీ మాన్పించి సాఫ్ట్‌వేర్ వైపు పంపడం మేలా?
– ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇంటర్న్‌షిప్ మొదలైన రెండో వారానికల్లా ఏటా నాకు వచ్చే ప్రశ్నే ఇది. అడిగేది కోర్సుల గురించే అయినా, లోపలి భయం వేరు: మా పిల్ల ఈ పనికి తగదేమో! తగుతుందండీ. పట్టింపు లేనివాళ్లు ఏడవరు, రికార్డు నింపుకొని వచ్చేస్తారు.

కాలేజీలో ఆమె చేసింది మైక్రో టీచింగ్. పట్టుమని పదిమంది తోటి ఛాత్రోపాధ్యాయులు, కొద్ది నిమిషాల పాఠం, అడగక ముందే చేతులెత్తే బుద్ధిమంతులు. అక్కడి నుంచి గదినిండా అసలు పిల్లల ముందుకు వెళ్తే తడబడకుండా ఎలా ఉంటుంది? ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు రెండేళ్లలో 20 వారాలు బడికే కేటాయించాయి. అందులో 16 వారాలు రెండో ఏడాదివే.

ఆ సర్టిఫికెట్ల మీద నాకు గురి లేదు. కొన్నిటిలో తెర మీది బొమ్మ విద్యార్థులను అదుపు చేయిస్తారు. ఆ బొమ్మలు మధ్యాహ్న భోజనం కాగానే కునికిపాట్లు పడవు, కరెంటు పోయిన గదిలో ఉక్కపోతకు చిరాకు పడవు, 'మా టీచర్ ఇలా చెప్పలేదు మేడమ్' అని ముఖం మీద అనవు. పైగా డీఎస్సీలో దానికి ఒక్క మార్కూ రాదు. అంతగా ముచ్చటైతే సెలవుల్లో చూసుకోమనండి. సాఫ్ట్‌వేర్ మాట బీఈడీ పూర్తయ్యాక ఆలోచిద్దాం.

కోపం తెచ్చుకోకండి. 'మెతక మనిషి' అని నాకే రాశారంటే, ఆమె ముందు ఎన్నిసార్లు అని ఉంటారు! పిల్లల అల్లరి కన్నా ఆ మాటే ఎక్కువ చెరుపు చేస్తుంది. 'రెండు తగిలించు' అనే సలహా కూడా ఇస్తుంటే వెంటనే మానండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

తరగతి అదుపులో ఉండేది గట్టిగా మందలించడం వల్ల కాదు, అల్లరికి సందు దొరకకుండా పాఠం నడపడం వల్లనని అమెరికా మనస్తత్వవేత్త జాకబ్ కౌనిన్ 1970లోనే తేల్చారు. పిల్లల కన్నా ముందే గదిలో ఉండి, రాగానే చేయడానికి బోర్డు మీద చిన్న పని రాసి ఉంచమనండి. ముందు పేర్లు నేర్చుకోమనండి. గోల మొదలైన బెంచీ దగ్గరికి పాఠం ఆపకుండానే నడిచి వెళ్లమనండి. మెథడ్ లెక్చరర్ (సబ్జెక్టును ఎలా బోధించాలో కాలేజీలో నేర్పేవారు) పరిశీలనకు వచ్చేటప్పుడు అందరూ బాగా వచ్చిన పాఠమే చూపిస్తారు; మీ అమ్మాయిని మాత్రం తనను ఏడిపిస్తున్న ఆ ఎనిమిదో తరగతికే రమ్మని అడగమనండి.